హుతా: తోబా బటాక్ గ్రామం

హుతా అనేది ఇండోనేషియాలోని సుమత్రా దీవి ఉత్తర భాగంలో, తోబా సరస్సు చుట్టూ వ్యాపించిన ఎత్తు నేలల్లో నివసించే తోబా బటాక్ జనుల సంప్రదాయ గ్రామం. చుట్టూ మట్టితోనో రాతితోనో పెట్టిన గోడ, గోడమీద చొరరానంత ఒత్తుగా పెరిగిన వెదురు, ఒకటి రెండు ఇరుకు ద్వారాలు, లోపల చదును చేసిన పొడవాటి వాకిలి, ఆ వాకిలికి ఒక వైపు వరుసగా ఇళ్లు, ఎదుటి వైపు ధాన్యపు గాదెలు ఉండడం దీని స్థూల స్వరూపం. గడపలు పది లోపు ఉండడమే మామూలు; అంతకు బాగా మించిన ఊళ్లు అరుదు. జనసంఖ్యను బట్టి చూస్తే దీన్ని శివారు పల్లె అనవలసి ఉంటుంది గాని, అధికారాన్ని బట్టి చూస్తే ఆ మాట చెల్లదు. డచ్చి పాలన స్థిరపడక ముందు ప్రతి హుతా తన భూమికి, తన తగాదాలకు, తన యుద్ధాలకు తానే కర్తగా ఉండేది. దాని పెద్దను రాజా అనేవారు. ఈ పదాన్ని తమ దేశపు రాజు అనే అర్థంలో తీసుకున్న తొలి ఐరోపా యాత్రికులు కొన్ని మైళ్ల లోపల పదుల కొద్దీ రాజులు కనిపించేసరికి దాన్ని అరాచకంగా భావించారు. వాస్తవంలో అక్కడ ఉన్నది చిన్న ఊళ్ల వ్యవస్థ: ఊరు పెరిగి పెద్దదవడం కాకుండా, పెరిగిన కొద్దీ చీలి మరొక ఊరు కావడమే దానిలోని సూత్రం.

బటాక్ అనే పేరు కింద తోబా, కారో, సిమలుంగున్, పాక్‌పాక్, అంగ్కోలా, మండయిలింగ్ అనే ఆరు శాఖలను చేర్చి చెప్పడం పరిపాటి. 2010 జనగణనలో ఇండోనేషియా మొత్తం మీద సుమారు 85 లక్షల మంది తమను బటాక్‌లుగా నమోదు చేయించుకున్నారు. ఈ శాఖల భాషలు దగ్గరి చుట్టాలే అయినా గ్రామ రూపాలు మాత్రం ఒకటి కావు. కారోల కుతా పరిమాణంలో పెద్దది. అందులో ఒక్కొక్క పొడవాటి ఇంట్లో ఎనిమిది కుటుంబాల దాకా కాపురం ఉండేవి. లింగ్గా, డోకాన్ గ్రామాలు దీనికి పేరుపొందిన ఉదాహరణలు. ఇస్లాం స్వీకరించిన మండయిలింగ్, అంగ్కోలా ప్రాంతాల్లో ఊరి నడుమ పెద్ద ఇల్లు, దాని ఎదుట సభామండపం ప్రధానమవుతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా తోబా హుతాను గురించినది.

ప్రదేశం

తోబా సరస్సు ఒక మహా అగ్నిపర్వతం పేలి కూలిపోగా ఏర్పడిన గుంట. దాదాపు 74,000 సంవత్సరాల క్రితం జరిగిన ఆ విస్ఫోటం గత ఇరవై లక్షల ఏళ్లలో భూమిమీద సంభవించిన అతి పెద్ద పేలుళ్లలో ఒకటి. దాని బూడిద హిందూ మహాసముద్రం దాటి భారతదేశం మీద పరచుకున్నది. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో ఆ బూడిద పొర రెండు మీటర్లకు పైగా మందాన ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరకడం వల్ల, విస్ఫోటం తరువాత ఈ ప్రాంతంలో మనుషులు బతికి బట్టకట్టారా అన్న చర్చలో జ్వాలాపురం పేరు 2007 నుంచి తరచు వినబడుతున్నది.

సరస్సు పొడవు దాదాపు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు, గరిష్ఠమైన లోతు 500 మీటర్లకు పైన, నీటి మట్టం సముద్రానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. నడుమ ఉన్న సమోసిర్ దీవి నిజానికి విస్ఫోటం తరువాత అడుగు నుంచి పైకి ఉబికిన నేల. పడమట పంగురురాన్ వద్ద సన్నని భూసంధితో ఒడ్డుకు అంటుకొని ఉన్న దీన్ని ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో డచ్చివారు కాలువ తవ్వించి పూర్తి దీవిని చేశారు. ఆ కాలువకు ఎదురుగా, పడమటి ఒడ్డున పుసుక్ బుహిత్ అనే కొండ ఉన్నది. బటాక్‌ల మూలపురుషుడు సి రాజా బటాక్ ఈ కొండ పాదంలోని సియాంజుర్ ములాములా అనే ఊరిలో నివసించాడని, అతని కొడుకులిద్దరి సంతతి నుంచే తోబా వంశాలన్నీ చీలాయని ఐతిహ్యం. వంశావళులన్నీ చివరకు ఒక హుతాకే చేరడం గమనింపదగినది. ఆదిలో ఉన్నది రాజ్యమూ కాదు, నగరమూ కాదు.

సరస్సు ఒడ్డున, నిట్రంగా లేచిన గట్ల కింద అక్కడక్కడ మాత్రమే సాగుకు అనువైన పల్లపు నేల ఉన్నది. దక్షిణాన బలిగె, లగుబోతి చుట్టూ ఉన్న మైదానం, నైరుతిన బక్కరా లోయ, ఇంకా దక్షిణంగా తరుతుంగ్ పట్టణమున్న సిలిందుంగ్ లోయ ఇటువంటివి. గట్టు మీది హుంబాంగ్ పీఠభూమి చల్లనిది, గాలి ఎక్కువ, నేల బీద. మంచి మడి దొరకడమే కష్టమైన చోట ఊరి కోసం ఎక్కువ నేల పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. గట్టు మీద నుంచి చూసినవారికి పచ్చని వరిమళ్ల నడుమ హుతాలన్నీ వెదురు పొదలుగానే కనబడతాయి గాని ఇళ్లుగా కనబడవు.

ఊరు పుట్టే తీరు

తోబాలలో ప్రతి వ్యక్తీ తండ్రి వైపు నుంచి ఒక మర్గాకు చెందుతాడు. మర్గా అంటే ఒక మూలపురుషుడి నుంచి దిగివచ్చిన వంశం. ఆ పేరే ఇంటిపేరుగా చెల్లుతుంది, ఒకే మర్గా లోపల పెళ్లి నిషిద్ధం. హుతా ఏదైనా ఒక మర్గాకు చెందిన ఒక పురుషుడు స్థాపించినదై ఉంటుంది. అతని సంతతివారే ఊరికి యజమానులు, రాజా పదవి వారిలోనే ఉంటుంది. ఆ ఇంటి ఆడపిల్లలను పెళ్లాడి వచ్చి ఉన్న అల్లుళ్లు, వారి సంతానం, ఇతరత్రా వచ్చి చేరినవారు ఊళ్లో ఇళ్లు కట్టుకోవచ్చు, మళ్లు దున్నుకోవచ్చు. కాని స్థాపకుల మాట దాటడానికి వీల్లేదు. పూర్వం అప్పు తీర్చలేకనో యుద్ధంలో చిక్కుకొనో దాస్యంలో పడినవారు కూడా ఊరిలో ఉండేవారు. డచ్చివారు దాస్యాన్ని రద్దు చేసినా ఆ మచ్చ కొన్ని కుటుంబాలను తరాల తరబడి వదలలేదు.

కొత్త హుతా పెట్టడానికి కారణాలు అనేకం. అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు రావడం, కొడుకులు ఎదిగి వాకిలి చాలకపోవడం, దూరపు మడికి దగ్గరగా ఉండాలనుకోవడం అందులో కొన్ని. అన్నిటికంటె బలమైనది, తండ్రి నీడలో రెండవవాడుగా ఉండడంకన్నా తన ఊరికి తాను రాజా అనిపించుకోవాలనే కోరిక. మొదట మూల గ్రామపు పెద్దల సమ్మతి తీసుకొని, ఊరికి కొంత దూరంలో రెండు మూడు గుడిసెలు వేసుకొంటారు. ఈ దశలో అది స్వతంత్రమైన ఊరు కాదు. తల్లి ఊరికి అనుబంధమైన శివారు మాత్రమే, దాన్ని సోసోర్ అంటారు. గోడ పెట్టి, వెదురు నాటి, ద్వారం దగ్గర హరియారా అనే మర్రిజాతి మొక్కను పాతి, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలను పిలిచి దున్నపోతును కోసి విందు చేసిన తరువాత గాని దాన్ని హుతాగా ఎవరూ ఒప్పుకోరు. విందు తిన్నవారే సాక్షులు. రేపు సరిహద్దు తగాదా వస్తే వారి మాటే దస్తావేజు. డచ్చి అధికారి ఫర్గౌవెన్ 1933లో తోబాల సామాజిక వ్యవస్థ, ఆచార ధర్మం మీద ప్రచురించిన బృహద్గ్రంథంలో ఈ స్థాపన విధానానికి, దానితో వచ్చే హక్కులకు ఎంతో చోటు ఇచ్చాడు. భూమి తగాదాలు తీర్చే పనిలో ఉన్నవాడు కనుక ఊరు ఎవరు ముందు పెట్టారన్న ప్రశ్న ఎంత బరువైనదో అతనికి తెలుసు.

హరియారా చెట్టు నాటడం వట్టి వేడుక కాదు. చెట్టు ఏపుగా పెరిగితే వంశం పెరుగుతుందని, వాడిపోతే ఊరికి కీడు అని నమ్మకం. వయస్సు తెలియని పెద్ద చెట్టు ఊరి ప్రాచీనతకు రుజువు. దాని నీడలో పెద్దలు కూర్చొని తగవులు తీర్చేవారు. సమోసిర్ దీవిలో అంబరితా దగ్గర ఉన్న సియల్లగాన్ హుతాలో ఇలాంటి చెట్టు కింద వలయంగా పేర్చిన రాతి ఆసనాలు, నడుమ రాతి బల్ల నేటికీ ఉన్నాయి. అక్కడికి వచ్చే పర్యాటకులకు నేరస్థులను చంపి తిన్న కథను కొంత మసాలా దట్టించి చెబుతుంటారు. రాజద్రోహం వంటి కొన్ని నేరాలకు, యుద్ధంలో పట్టుబడిన శత్రువులకు ఆ శిక్ష ఉండేదని పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల రచయితలు నమోదు చేసిన మాట నిజమే. కాని ఆ రాళ్ల మీద నిత్యం జరిగినవి పొలం గట్ల తగాదాలు, ఓలి బాకీలు, పశువుల దొంగతనాలు. ఒక సమాజపు న్యాయవ్యవస్థను దాని అత్యంత అరుదైన శిక్షతోనే గుర్తుపెట్టుకోవడం న్యాయం కాదు.

కొన్ని హుతాలు కలిసి పండుగలు, విందులు చేసుకునే కూటమి హోర్జా. ఒక లోయలోని హోర్జాలన్నీ కలిసి వానకోసం, పంటకోసం పెద్ద బలి ఇచ్చే కూటమి బియుస్. నీటి కాలువల పంపకం, సంత శాంతి ఈ పెద్ద కూటముల చేతిలో ఉండేవి. వీటిమీద మరొక శాశ్వతమైన ప్రభుత్వం లేదు. బక్కరా లోయలో తరతరాలుగా సిసింగమంగరాజా అనే బిరుదు ధరించిన పురోహిత రాజులకు వాన రప్పించగల మహిమ ఉందని తోబా ప్రాంతమంతటా గౌరవం చెల్లేది గాని, వారు కూడా పన్నులు వసూలు చేసే చక్రవర్తులు కారు.

వాకిలి, ఇల్లు, గాదె

ఊరి నడుమ ఉన్న వాకిలిని అలమాన్ అంటారు. వడ్లు ఎండబెట్టడం, పిల్లల ఆటలు, పెళ్లి, శవసంస్కారం, తోర్తోర్ అనే నృత్యం అన్నీ ఇక్కడే. పెద్ద కార్యాలలో గొండాంగ్ సబంగునాన్ అనే వాద్యబృందం వాయిస్తుంది; అందులో కంచు గంటలు, సన్నాయి వంటి సరునే, వాటితోపాటు శ్రుతి చేసి వరుసగా వేలాడదీసిన ఐదు మద్దెలు ఉంటాయి. ఆ మద్దెల మీద తాళమే కాక రాగమూ పలికించడం తోబా సంగీతంలోని విశేషం.

వాకిలికి ఒక పక్కనున్న ఇంటిని రుమా అంటారు. రాతి దిమ్మెల మీద నిలిపిన లావుపాటి స్తంభాలు, వాటి గుండా గాడికొట్టి దూర్చిన అడ్డదూలాలు, చెక్క చీలలు, పేనిన తాళ్లు తప్ప ఇనుప మేకు దీనిలో కానరాదు. భూకంపాలు తరచు వచ్చే నేలలో ఈ కట్టుబడి ఇల్లు ఊగినా విరగకుండా కాపాడుతుంది. కప్పు జీను ఆకారంలో నడుమ వంగి, ముందుకూ వెనకకూ సూదిగా లేస్తుంది. వెనక కొన ముందు కొనకంటె ఎత్తుగా ఉండడం పిల్లలు తల్లిదండ్రులను మించాలన్న ఆకాంక్షకు గుర్తు అని చెబుతారు. కప్పుకు వాడేది ఇజుక్, అంటే చక్కెర తాటి చెట్టు మట్టల మొదళ్ల నుంచి తీసే నల్లని పీచు. జాగ్రత్తగా వేస్తే కొన్ని దశాబ్దాలు చెక్కుచెదరదు. ఇంటి ముఖానికి ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో గోర్గా అనే చెక్కడపు పని ఉంటుంది: మెలికలు తిరిగే తీగలు, సంతాన సమృద్ధికి గుర్తుగా స్తనాలు, వాటికి ఎదురుగా ఒక బల్లి, రెండు మూలలా గుడ్లురిమే సింగా ముఖాలు. ఆ బల్లి పేరు బోరస్‌పతి. సంస్కృతంలోని బృహస్పతి శబ్దమే నేలను కాపాడే దైవానికి పేరై, బల్లి రూపంలో గోడకెక్కింది.

శత్రుభయం ఉన్న రోజుల్లో ఇంటి కింద నుంచి మెట్లెక్కి, నేలపలకలో కోసిన తలుపును ఎత్తుకొని లోపలికి పోయేవారు. ముందువైపు నిచ్చెన మెట్లు తరువాతి కాలంలో ఎక్కువయ్యాయి. ఆ మెట్లు సాధారణంగా బేసి సంఖ్యలో ఉంటాయి. గుమ్మం ఎంత కురచ అంటే తల వంచనిదే ఎవరూ దాటలేరు. లోపల గోడలు లేవు. అయినా ఎవరి చోటు వారికి నిర్ణయమై ఉంటుంది: లోపలి కుడి మూల జబు బొనా, అంటే ఇంటి యజమానిది, తక్కిన మూలలు పెద్ద కొడుక్కి, అల్లుడికి, అతిథులకు. నడుమ పొయ్యి, దాని పొగ పైకప్పులోని పీచుకు పట్టి పురుగును దూరంగా ఉంచుతుంది. నేలపలక కింద గేదెలు, పందులు, కోళ్లు. దేవతల పైలోకం, మనుషుల నడిమి లోకం, పాతాళం అనే మూడంచెల విశ్వానికి ఈ ఇల్లు ప్రతిరూపమని పరిశోధకులు తరచు వివరిస్తారు. ఆ వివరణ నిజమే అయినా, పశువులను రాత్రిపూట మనుషుల కిందే కట్టుకోవడానికి దొంగల భయం చాలినంత కారణం.

గాదెను సోపో అంటారు. చూడడానికి అది ఇంటికి తోబుట్టువు వంటిదే గాని, నిర్మాణంలో ఒక తెలివైన తేడా ఉంటుంది. స్తంభాల పైకొనల్లో, ధాన్యపు గదికి సరిగ్గా కింద, గుండ్రని వెడల్పాటి చెక్క పళ్లేలు తొడుగుతారు. స్తంభం పట్టుకొని ఎగబాకిన ఎలుక ఆ పళ్లెం అడుగున తలకిందులుగా నడవలేక ఆగిపోతుంది. ధాన్యం పైన ఉండగా, కింద గోడలు లేని అరుగు మిగులుతుంది. పగటిపూట ఆడవాళ్లు అక్కడ కూర్చొని మగ్గం నడుముకు బిగించుకొని నేత నేసేవారు. రాత్రి పెళ్లికాని కుర్రవాళ్లు అక్కడే పడుకొనేవారు. ఇల్లు స్త్రీ అనీ గాదె పురుషుడనీ పోల్చే వాడుక కూడా ఉంది. వరి నిలవ తగ్గి, సంచుల్లో బియ్యం కొనుక్కునే కాలం వచ్చాక, తోబా ప్రాంతంలోని సోపోలలో చాలా భాగం కూలిపోయాయి, లేదా కింది అరుగుకు పలక గోడలు కొట్టి నివాసాలుగా మార్చబడ్డాయి.

మూడు పొయ్యిరాళ్లు

తోబా బంధువ్యవస్థను దలిహాన్ నా తోలు అంటారు. మూడు పొయ్యిరాళ్లని అర్థం. పిల్లనిచ్చిన వంశం హులాహులా, పిల్లను తెచ్చుకున్న వంశం బోరు, తన సొంత మర్గావారు దొంగాన్ తుబు. ఈ మూడు వర్గాల్లో ఏ ఒకటి లోపించినా పెళ్లి గాని, చావు గాని, గృహప్రవేశం గాని సాగదు. హులాహులాకు వంగి ఉండాలి, ఎందుకంటే సంతానమూ క్షేమమూ వారి దీవెన నుంచే వస్తాయి. దాయాదులతో జాగ్రత్తగా మెలగాలి. బోరును బుజ్జగించి పని చేయించుకోవాలి. విందులో పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వండేది, వడ్డించేది, కుర్చీలు మోసేది బోరులే. అయితే ఇవాళ ఒకరి పెళ్లిలో అంట్లు తోమిన పెద్దమనిషి, రేపు తన ఇంటి ఆడపడుచు అత్తవారింట జరిగే కార్యంలో హులాహులాగా గౌరవాసనం అందుకొంటాడు. ఎవరూ శాశ్వతంగా పైనా లేరు, కిందా లేరు.

మేనమామ కూతురిని చేసుకోవడం మెచ్చుకోదగిన సంబంధం. మేనత్త కూతురిని చేసుకోవడం మాత్రం తోబా ఆచారంలో కూడదు, ఎందుకంటే తాము పిల్లనిచ్చిన ఇంటినుంచే పిల్లను తెచ్చుకుంటే ఎవరు ఎవరికి వంగాలన్నది తలకిందులవుతుంది. వరుని పక్షం సినమోత్ అనే ఓలి చెల్లిస్తుంది; వధువు తండ్రి కూతురికి పసుపుకుంకుమల కింద కొంత మడి రాసియిచ్చే ఆచారం కూడా ఉంది, ఆ నేలను పఉసెయాంగ్ అంటారు. హులాహులా నుంచి బోరుకు వచ్చే కానుకల్లో ప్రధానమైనది ఉలోస్ అనే నేతవస్త్రం. పోగులను ముందే కట్టుకట్టి నీలిమందులో ముంచే చిటికి పద్ధతిలో నేసిన సిబోలాంగ్, అంచులు వేరుగా నేసి కలిపే రగిదుప్ మొదలైన రకాలకు ఏది ఏ సందర్భంలో, ఏ వరుసవారు, ఎవరి భుజాన కప్పాలో నియమాలున్నాయి. తప్పు ఉలోస్ కప్పితే జనం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

విందులో కోసిన పశువు మాంసాన్ని వరుసలను బట్టి పంచడాన్ని జంబార్ అంటారు. తల, దవడ, మెడ, పక్కటెముకలు, తోకవైపు భాగం, ఒక్కొక్కటీ ఒక్కొక్క వర్గానికి చెందాలి. పంచే ముందు పెద్దలు నిలబడి ఏ ముక్క ఎవరిదో వాదించుకుంటారు, ఒకోసారి భోజనం చల్లారేదాకా. ఆకలి తీరడం ఇక్కడ ముఖ్యం కాదు. ముక్క అందినవాడికి ఆ ఊరితో తన సంబంధం నలుగురి ఎదుట ధ్రువపడుతుంది. ముక్క అందకపోతే అది అవమానం, కొన్నిసార్లు కొత్త హుతా పుట్టడానికి అదే మొదలు.

సాగు, సంత, సాంబ్రాణి

మడి వరి తోబా గ్రామానికి ఆధారం. కొండవాలు కాలువల నీటితో మెట్లు మెట్లుగా చెక్కిన మళ్లలో ఏడాదికి ఒక పంట సంప్రదాయం. వానలు తక్కువగా పడే సమోసిర్ భాగాల్లోనూ బక్కరాలోనూ ఉల్లి సాగు ప్రసిద్ధం. హుంబాంగ్ పీఠభూమిలోని లింతొంగ్ నిహుతా చుట్టూ పండే అరబికా కాఫీ విదేశాల్లో పేరు తెచ్చుకొంది. గింజ పూర్తిగా ఆరకముందే పై పొర తీసే సుమత్రా పద్ధతి వల్ల దానికి బరువైన రుచి వస్తుంది. వంటలో అందలిమాన్ అనే అడవి మిరియం నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. పసుపు, అల్లం జాతి మొగ్గలు, ఈ మిరియం దట్టించి నీరు ఇగిరేదాకా ఉడికించిన చేప అర్సిక్ కార్యాలకు తప్పనిసరి. చక్కెర తాటి నుంచి తీసే కల్లు తుయాక్. సాయంత్రం మగవాళ్లు గిటారుతో చేరి పాడుకొనే కల్లు దుకాణం లపో తుయాక్. ఊళ్ల నడుమ నిర్ణీత వారాల్లో జరిగే సంత ఒనాన్. యుద్ధాలు జరిగే రోజుల్లో కూడా సంత ఆవరణలో ఆయుధం ఎత్తడం ఘోర నేరం.

పీఠభూమి పడమటి అడవుల్లో హమింజోన్ అనే చెట్టు బెరడును గాటు పెట్టి తీసే జిగురు సాంబ్రాణి. ఇది, దానితోపాటు తీరారణ్యాల కర్పూరం, పడమటి తీరంలోని బారుస్ రేవు గుండా సముద్రం దాటేవి. బారుస్ దగ్గర లోబు తువాలో 1088 నాటి తమిళ శాసనం దొరికింది. దాన్ని వేయించినది అయిదువందలవారు అనే వర్తక శ్రేణి, దక్కను, ఆంధ్ర దేశాల్లో అయ్యావళి పేరుతో శాసనాలు వేయించిన శ్రేణి అదే. కారోల సెంబిరింగ్ మర్గాలో చోలియా, పాండియా, కెలింగ్ అనే ఉపశాఖలు ఉండడం ఈ రాకపోకల జాడగానే పండితులు చూస్తారు; కెలింగ్ అన్నది కళింగ శబ్దం నుంచి వచ్చి మలయ్ ప్రపంచంలో దక్షిణ భారతీయులకు వాడుకైన పేరు. కొండమీది హుతాలు బయటి ప్రపంచం ఎరగనివన్న పాత అభిప్రాయం సాంబ్రాణి లెక్కలు చూస్తే నిలవదు.

దైవాలు, మిషన్, డచ్చి పాలన

పూర్వ మతంలో పరమదైవం ములజాది నా బొలోన్. అతని కింద ముగ్గురు దేవతలు, వారిలో ఒకరి పేరు బతార గురు. దేవతకు సామాన్య నామం దెబతా. గ్రామ పురోహితుడైన దాతు చెట్టు బెరడును మడతలుగా చేసిన పుస్తహా అనే గ్రంథంలో మంత్రాలను, మందులను బటాక్ లిపిలో రాసుకొనేవాడు. ఆ లిపి బ్రాహ్మీ సంతతిలోనిది. మంచిరోజు చూడడానికి వెదురు గొట్టం మీద గీసిన పంచాంగం ఉండేది. అందులో వారం అర్తియాతో మొదలై సుమా, అంగ్గారా, ముదా, బోరస్‌పతి, సింగ్‌కొరా మీదుగా సమిసారాతో ముగుస్తుంది. ఆదిత్యుడి నుంచి శనైశ్చరుడి దాకా ఈ వరస ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కరలేదు.

1834లో మన్సన్, లైమన్ అనే అమెరికన్ మిషనరీలు సిలిందుంగ్‌కు పోతూ దారిలో హతులయ్యారు. 1853లో భాషావేత్త వాన్ డెర్ టుక్ తోబా సరస్సును చూశాడు. చూసినట్టు నమోదైన ఐరోపావారిలో అతడే మొదటివాడు. జర్మనీ నుంచి 1862లో సుమత్రాకు వచ్చిన మిషనరీ నొమ్మెన్సెన్ 1864లో సిలిందుంగ్ లోయలో హుతా దామె అనే ఊరు పెట్టాడు. మతం మారినవారిని వారి హుతాలు వెలివేస్తుంటే వారికి చోటు కోసం పెట్టిన ఊరు అది. కొత్త మతం కూడా తోబా పద్ధతిలోనే, అంటే పాత ఊరి నుంచి చీలి, మొదలైందన్నమాట. తరువాతి దశాబ్దాల్లో రాజాలు ఒక్కరొక్కరే మారగా ఊళ్లకు ఊళ్లు చర్చిలో చేరాయి. ఆ మిషన్ నుంచి పెరిగి 1930లో స్వయంపాలన పొందిన బటాక్ ప్రొటెస్టంట్ చర్చి నేడు ఇండోనేషియాలోని ప్రొటెస్టంట్ సంఘాల్లో అతి పెద్దది. పన్నెండవ సిసింగమంగరాజా 1878 నుంచి డచ్చివారితో పోరాడాడు. బక్కరా తదితర లోయల్లో గ్రామాలు దగ్ధమయ్యాయి. 1907 జూన్ 17న అతడు హతుడవడంతో యుద్ధం ముగిసింది. 1961లో ప్రభుత్వం అతన్ని జాతీయ వీరుడుగా ప్రకటించింది.

పాలన స్థిరపడ్డాక బియుస్ బలులు, చాలాచోట్ల గొండాంగ్ వాద్యం కూడా నిషిద్ధమయ్యాయి. యుద్ధాలు ఆగడంతో గోడలకు పని లేకపోయింది. హుతాలను కలిపి పెద్ద పాలనా విభాగాలు ఏర్పడ్డాయి. పాత మతం పూర్తిగా పోలేదు. లగుబోతి దగ్గరి హుతా తింగ్గి కేంద్రంగా పర్మాలిం అనే సమాజం దాన్ని కాపాడుకొంటున్నది. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో ఇటువంటి విశ్వాసాలను గుర్తింపు కార్డులో నమోదు చేసుకొనే వీలు కలిగింది.

నేటి హుతా

1979 నాటి గ్రామ చట్టం దేశమంతటా దెసా అనే ఒకే తరహా గ్రామాన్ని విధించింది. 2014 చట్టం దెసాలకు నిధులు, అధికారాలు పెంచింది. ఒక దెసా కింద అనేక హుతాలు వస్తాయి. దెసా పెద్దను ఓట్లు వేసి ఎన్నుకొంటారు, రోడ్డు, నీరు, నిధి అతని చేతిలో ఉంటాయి; ఎవరు ఎక్కడ ఇల్లు కట్టవచ్చు, శ్మశానం ఎవరిది, కార్యంలో ముందు ఎవరు మాట్లాడాలి అన్నవి మాత్రం ఇప్పటికీ హుతా పెద్దలే తేలుస్తారు.

చదువు, సంతానం, గౌరవం మీద తోబాలకున్న పట్టుదల వారిని మేడాన్‌కు, జకార్తాకు పంపింది. ఊళ్లలో ముసలివారు, పసివారు మిగిలారు. అయితే వలసపోయినవారు ఊరిని వదలలేదు, ఊరిలో సిమెంటు పోశారు. మంగొంగ్‌కల్ హోలి అనే కార్యంలో పూర్వుల అస్థులను తవ్వితీసి, కడిగి, ఆడవాళ్లు తలమీద మోసుకొని వచ్చి తుగు అనే కట్టడంలో నిక్షేపిస్తారు. పూర్వం దీనికి రాతి శవపేటికలు చెక్కేవారు. సమోసిర్‌లోని తొమోక్‌లో సిదబుతార్ రాజుల పేటికలు ప్రసిద్ధం. 1950ల తరువాత కాంక్రీటు తుగులు లేచాయి: అంతస్తులు, మెట్లు, పైన చిన్న జీనుకప్పు, గోడమీద వంశవృక్షం. పక్కనున్న ఇల్లు రేకుల కప్పుతో చీకిపోతుండగా తుగు తళతళలాడుతూ ఉండడం సమోసిర్‌లో మామూలు దృశ్యం. దీన్ని దుబారా అనేవారు స్థానికుల్లోనూ ఉన్నారు. అయితే ఈ ఖర్చు పెట్టినవారి దృష్టిలో అది మర్గాకు ఆ నేలమీద ఉన్న హక్కును కాంక్రీటులో రాసియివ్వడం.

ఇజుక్ కప్పు వేయగల పనివారు తగ్గి, రేకు చవకై, చెక్కడపు పలకలు పురావస్తువుల వ్యాపారుల చేతికి పోయి, పాత రుమాలు శిథిలమవుతున్నాయి. తోబా 2020లో యునెస్కో జియోపార్కుల జాబితాలో చేరిన తరువాత, ప్రభుత్వం పర్యాటకం కోసం సియల్లగాన్ హుతానూ, ఉలోస్ నేసే హుతా రాజానూ బాగుచేయించింది. మరమ్మతు మంచిదే గాని, టికెట్టు కొన్నవాడి కోసం తీర్చిదిద్దిన వాకిలిలో వడ్లు ఎండబెట్టడం కష్టం. సాంబ్రాణి అడవుల కథ వేరు: పండుమాన్, సిపితుహుతా గ్రామాలవారు తమ హమింజోన్ చెట్లను గుజ్జు కర్మాగారపు తోటల కోసం నరికివేయడాన్ని ఏళ్ల తరబడి ప్రతిఘటించగా, 2016 డిసెంబరులో దేశాధ్యక్షుడు ఆచారభూమిగా అడవి గుర్తింపు పొందిన తొలి సమాజాలలో వారి పేరును కూడా ప్రకటించాడు.

జనం పూర్తిగా విడిచిపెట్టిన ఊరి స్థలాన్ని లోబు అంటారు. గోడ మట్టిదిబ్బయి, వెదురు అడవై, ఇళ్ల స్తంభాల కింది రాళ్లు మాత్రమే మిగిలినా, ఆ నేల స్థాపకుడి సంతతిదే. ఇతరులు అక్కడ నాగలి పెట్టరాదు. ఆ స్థలాల మీద వివాదాలు నేటికీ న్యాయస్థానాలకు పోతూనే ఉన్నాయి. అక్కడ పత్రాలతో పాటు తరొంబో, అంటే తరాల వరుసలో రాసిన వంశావళి కూడా సాక్ష్యంగా దాఖలవుతుంది, ఎదుటి పక్షం తన తరొంబోను తెచ్చి దానిలో ఒక అన్నదమ్ముల వరుస తారుమారైందని వాదిస్తుంది.